మూడో పాదంలో మాట

నాగులేటిపాలెం హైస్కూలు పాత వరండా గోడ పడగొట్టి పన్నెండు రోజులైంది. గోడతోపాటు, దానిమీద నలభై ఏళ్లుగా నీలిరంగు అక్షరాల్లో ఉన్న మిరప పద్యమూ మట్టిలో కలిసింది. ఆ బడిలో చదివి ఆ పద్యం రానివాళ్లు లేరు. రాసిందెవరో తెలిసినవాళ్లూ లేరు. పాత విద్యార్థులంతా కూడబలుక్కుని దాన్ని నల్లరాతి మీద చెక్కించి కొత్త బడి ముందు నిలబెడదామనుకున్నారు. చీమకుర్తిలో రాళ్లు కోసే యూనిట్ నడుపుతున్న త్రినాథ్ పలక తనదేనన్నాడు. పద్యాన్ని సరిచూసి పంపే పని మాత్రం, అదే బడిలో ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన జానకిరామయ్య మీద పడింది. ఆయన ఉన్నదున్నట్టుగా రాసి పంపించేశాడు.

ఆ తరవాత మూడో రోజు పొద్దున్నే, ఒంగోలు కాలేజీలో తెలుగు లెక్చరరుగా ఉన్న ఆయన శిష్యురాలు ఖైరున్నీసా బస్సు దిగి వచ్చింది. చెప్పులైనా విడవకుండా గుమ్మంలో నిలబడి, "మాస్టారూ, ఆ పద్యంలో తప్పు లేదు" అంది. పోయిన వారం మనం వాళ్లను అక్కడే వదిలిపెట్టి వచ్చాం.

జానకిరామయ్య కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. కోపం వచ్చినప్పుడు ఆయన చేసే మొదటి పని అది.

"తప్పు లేదా? ముప్ఫై ఏళ్లు ఎనిమిదో తరగతి పిల్లలకి నేను చెప్పిందేమిటి మరి? యతిభంగం అంటే ఏమిటో చెప్పడానికి నాకు వేరే ఉదాహరణే అక్కర్లేకపోయింది. పిల్లల్ని వరండాలోకి తీసుకెళ్లి గోడ చూపిస్తే సరిపోయేది."

"నన్నూ తీసుకెళ్లారు మాస్టారూ. తొంభై ఎనిమిదిలో. 'మిగతా మూడు పాదాలూ ఇంత చక్కగా కుదిరినాయనకి ఇక్కడొక్కచోటే ఎందుకు తప్పిందండీ' అని అడిగాను. మీరు కూర్చోమన్నారు."

"అన్నానా?"

"గట్టిగానే అన్నారు" అని నవ్వింది ఖైరున్నీసా.

అరుగు మీద చాప పరుచుకుని, సంవత్సరం కారానికి ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్న కోటేశ్వరమ్మ తలెత్తింది. "లోపలికి రా తల్లీ, ముందు కాసిని మంచినీళ్లు తాగు. వచ్చీ రాగానే ఆయనతో పెట్టుకున్నావేంటి?" అంది. కానీ నీళ్లు తాగేదాకా ఆగే మనిషి కాదు జానకిరామయ్య. క్యాలెండరు కాగితం చింపి, వెనకవైపు తిప్పి, పెన్నుతోపాటు శిష్యురాలి ముందుకు తోశాడు.

"రాయి. గణాలు విడగొట్టు. తప్పు లేదని నిరూపించు."

ఆమె చాప అంచున కూర్చుని, పుస్తకాల సంచి పక్కన పెట్టుకుని, పైకి చదువుతూ రాసింది.

కల్లమందు మిరపకాయల రాసులే
ఘాటు తగిలెననుచు కనులు తుడిచె
రైతు కంట నీరు మంటకే వచ్చునా
అడుగలేక నీటినందజేస్తి

"ఆటవెలది" అంది.

"అది ఐదో తరగతి వాడూ చెప్తాడు."

"ఆటవెలదిలో ప్రతి పాదానికీ ఐదు గణాలు. పాదం మొదటి అక్షరానికీ, నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు కుదరాలి. అదే యతి. మొదటి పాదంలో 'కల్ల'కి 'కాయల' కుదిరింది. రెండో పాదంలో 'ఘాటు'కి 'కనులు'. ఘకారమూ కకారమూ ఒక వర్గమే కాబట్టి అదీ సరే. నాలుగో పాదంలో 'అడుగ'కి 'అందజేస్తి'. అది మధ్యలో సంధిలో కలిసిపోయి దాక్కుంది. అలా దాచడం రావాలంటే చెవి పండాలి. అవునా?"

"అవును" అన్నాడు జానకిరామయ్య, ఒప్పుకోక తప్పక. "మూడోది చెప్పు."

"మూడోదానిలో 'రైతు'కి 'మంట'. రేఫకీ మకారానికీ ఏ పొత్తూ లేదు. పూర్తిగా తప్పు."

"చూశావా!"

"సంధిలో యతి దాచగలిగిన మనిషి, మాస్టారూ, ఎదురుగా కనపడుతున్న రైతునీ మంటనీ చూసుకోలేదంటే నమ్మమంటారా?" ఖైరున్నీసా పెన్ను కింద పెట్టింది. "'మంటకే వచ్చునా' అన్నది పద్యానికి ప్రాణం. అది మారదు. మారిందల్లా మొదటి మాటే. అక్కడ వేరే మాట ఉండేది. ఎవరో దాన్ని తీసేసి 'రైతు' అని పెట్టారు."

జానకిరామయ్య కాగితం తనవైపు తిప్పుకున్నాడు. పద్యాన్ని ఎన్ని వందలసార్లు చదివాడో! ప్రతిసారీ మూడో పాదం దగ్గరకొచ్చేసరికి 'ఇక్కడ జారాడు' అనుకున్నాడే గానీ, జారినవాడు కవి కాకపోవచ్చన్న ఆలోచన రాలేదు. పరీక్ష పేపరులో తప్పు దొరకగానే ఎర్రగీత కొట్టి ముందుకెళ్లిపోయే చెయ్యి అది. దొరికిన తప్పు దగ్గర ఆగి చూసే అలవాటు దానికి లేకపోయింది.

"సరే" అన్నాడు కాస్త తగ్గి. "మకారంతో మొదలవ్వాలి. సూర్యగణం కావాలి. 'మనిషి' పెట్టు. మనిషి కంట నీరు మంటకే వచ్చునా. చక్కగా సరిపోయింది."

"సరిపోయింది. కానీ మనిషి అని ఉంటే దాన్ని మార్చాల్సిన అవసరం ఎవరికొస్తుందండీ? గోడ మీద ఉండకూడదనిపించే మాట ఏదో అయ్యుండాలి."

కోటేశ్వరమ్మ చేతిలో మిరపకాయ తొడిమ ఊడకుండానే బుట్టలో పడింది. ఆమె దాన్ని తీసి మళ్లీ తుంచింది.

"ఇంకో సంగతి" అంది ఖైరున్నీసా. "నాలుగో పాదంలో 'అందజేస్తి'. మీరు రాస్తే ఏమని రాస్తారు?"

"అందజేసితిని అంటాను. కుదరకపోతే పద్యం తిప్పి రాస్తాను. జేస్తి ఏమిటి, అది గ్రామ్యం."

"మన ఊళ్లో ఎవరైనా జేస్తి అంటారా?"

"ఇక్కడెక్కడ? 'చేశాను' అంటారు. 'చేస్తి, వస్తి, పోతి' అనేది పొదిలి అవతలి మాట. కనిగిరి, దర్శి..." అని ఆగిపోయాడు జానకిరామయ్య.

కోటేశ్వరమ్మ పుట్టిల్లు పొదిలి అవతల. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆవిడ "నేను నిన్ననే చెప్తి కదండీ" అంటే ఇరుగుపొరుగు నవ్వేవారు. రెండేళ్లలో ఆ మాటలన్నీ మానేసింది. ఆయన భార్యకేసి చూశాడు. ఆవిడ చూపు మిరపకాయల మీదే ఉంది.

ఖైరున్నీసా సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. దానిలో నాలుగు మడతలు పడి పచ్చబడిన రూళ్ల కాగితం ఉంది. "పాత బడి బీరువాలు ఖాళీ చేస్తుంటే నేనూ సాయానికి వెళ్లాను. బాపయ్యగారు హెడ్మాస్టరుగా ఉన్నప్పటి ఫైల్లో ఇది దొరికింది. మీరే చూడండి మాస్టారూ. నేనైతే ఏమీ చెప్పను."

కాగితం మీద పద్యం పెన్సిలుతో రాసి ఉంది. మూడో పాదంలో మొదటి మాటను ఆకుపచ్చ సిరాతో కొట్టేసి, పైన 'రైతు' అని రాశారు. పక్కన అదే సిరాలో చిన్న అక్షరాలు: 'ఈ మాట పిల్లలు చదివే గోడకు తగదు. ఇట్లు మార్చి రాయించవలెను. బాపయ్య.' కొట్టివేత కింద పెన్సిలు మాట ఇంకా స్పష్టంగానే కనపడుతోంది.

మగని.

మగని కంట నీరు మంటకే వచ్చునా.

జానకిరామయ్య ఆ మాటను చదవలేదు. ముందు ఆ రాతను చూశాడు. క అక్షరానికి తలకట్టు అంటకుండా, పక్కింటి చూరులా కాస్త ఎడంగా ఉంది. ఆ 'క'ను ఆయన నెలనెలా చూస్తూనే ఉన్నాడు. కందిపప్పు, కరివేపాకు, కర్పూరం అని పచారీ చీటీలో రాసి కోటేశ్వరమ్మ ఆయన చేతికిచ్చే 'క' అదే.

ఆ తరవాత ఆ మాట చదివాడు. చదవగానే నలభై ఏళ్ల కిందటి ఒక సాయంత్రం వచ్చి మీదపడింది.

అప్పటికి ఆయనకు ముప్ఫై నిండలేదు. ఒంగోలులో అష్టావధానానికి కూర్చున్నాడు. హాలంతా జనం. ఇచ్చిన నాలుగు మాటలతో పద్యం చెప్పాలి. రెండు పాదాలు చెప్పి మూడోదాని దగ్గర ఆగాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు హాలంతా పాకింది. లేచి దణ్ణం పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా బస్సెక్కి ఊరొచ్చాడు. వీధిలోంచి వస్తే పలకరిస్తారని ఇంటి వెనకనుంచి వచ్చాడు. వెనక వెంకటరావమ్మ వాళ్ల మిరప కల్లం. ఎర్రటి రాసుల మధ్య కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎప్పుడొచ్చిందో కోటేశ్వరమ్మ ఎదురుగా నిలబడి ఉంది. "ఘాటు తగిలింది" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆవిడ ఏమీ అడగలేదు. చెంబుతో నీళ్లిచ్చి వెళ్లిపోయింది. నమ్మిందనే అనుకున్నాడు. ఇప్పటిదాకా అలాగే అనుకున్నాడు.

ఆ రోజునుంచి మళ్లీ పద్యం కట్టలేదు. ఇతరుల పద్యాల్లో తప్పులు చూపించడం మాత్రం బాగా వచ్చింది.

"ధర పడిపోయి రైతు ఏడుస్తున్నాడని చెప్పాను" అన్నాడు మెల్లగా, ఎవరితోనో. "ముప్ఫై ఏళ్లు. పిల్లలు పరీక్షల్లో అదే రాశారు. నేను మార్కులు వేశాను."

"అలా చదివినా పద్యం బాగానే ఉంది మాస్టారూ" అంది ఖైరున్నీసా. "కానీ ఒక్క మాట మారేసరికి ఇల్లు కాస్తా ఊరైపోయింది. మొగుడు ఏడుస్తుంటే ఎందుకని అడిగితే చిన్నబుచ్చుకుంటాడేమోనని, అడక్కుండా నీళ్లిచ్చి వెళ్లిపోయిన మనిషి రాసింది ఇది. 'అడుగలేక' అన్న మాటకి ఇప్పుడు అర్థం వచ్చింది. రైతునైతే అడక్కపోవడానికి ఏముంది?"

జానకిరామయ్య భార్య వైపు తిరిగాడు. "కోటేశ్వరీ, యతి నీకెవరు నేర్పారు?" అన్నాడు.

అన్ని ప్రశ్నలుండగా ఆయనకు ముందు వచ్చిన ప్రశ్న అది. కోటేశ్వరమ్మకు నవ్వొచ్చింది.

"మీరే. ముందుగదిలో పిల్లలకి ప్రతి ఆదివారం ట్యూషన్ చెప్పేవారుగా. వంటింటికీ దానికీ మధ్య తడికే కదా ఉండేది. పప్పు రుబ్బుతూ వినేదాన్ని. మీరు చెప్పింది వాళ్లకి ఎక్కిందో లేదో గానీ, రుబ్బురోలు తిరుగుడుకి నాకు ఎక్కింది."

"రాశావు సరే. నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ చేతులు ఆగాయి. కారం అంటిన వేళ్లను మొహానికి తగలకుండా ఎడంగా పట్టుకుని, ఈసారి ఆయన మొహంలోకే చూసింది.

"చెప్పకపోవడమేంటి? మీకే ఇచ్చాను. ఆ మర్నాడు పొద్దున మీ సంచిలో, పిల్లల పేపర్ల కట్ట లోపల, పైకాగితం కిందే పెట్టాను. విప్పగానే కనపడాలని. సాయంత్రం మీరు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని అన్నం తిన్నారు. ఏమీ అనలేదు. మర్నాడూ అనలేదు. పోన్లే, మగాళ్లకి ఏడ్చిన సంగతి ఎత్తితే సిగ్గు, నేను చూసీ చూడనట్టు ఊరుకోవాల్సింది అనుకున్నాను. రెండు నెలలకి బడి గోడ మీద కనపడింది. మగడు పోయి రైతు వచ్చాడు. మీరే మార్చి ఇచ్చారనుకున్నాను."

"నేనా?"

"ఇంకెవరనుకుంటాను? ఆ పైన ఏటేటా మీ పిల్లలు ట్యూషనుకొచ్చి, 'ఆ పద్యం రాసినవాడికి యతి రాదంట కదండీ' అని నవ్వేవాళ్లు. నేను వాళ్లకి మరమరాలు పెట్టి పంపేదాన్ని." కోటేశ్వరమ్మ గొంతులో నిష్ఠూరం లేదు. ఎప్పుడో మానిపోయిన దెబ్బను చూపిస్తున్నట్టు చెప్పింది. "మీ కన్నీళ్లు నేను చూశాను కాబట్టి, అది నాకు మీరు వేసిన శిక్ష అనుకున్నాను. శిక్ష మరీ పెద్దది కాదులే అని సర్దుకున్నాను."

జానకిరామయ్యకు ఆ ఉదయం గుర్తొచ్చింది. ఆ పేపర్లు అవధానానికి వెళ్లకముందే దిద్దేశాడు. మర్నాడు సంచిలోంచి కట్ట తీసి, విప్పకుండానే హెడ్మాస్టరు గది బల్ల మీద పెట్టి వచ్చాడు. అవధానం సంగతి ఎవరైనా అడుగుతారేమోనన్న భయంతో ఆ గదిలో అరనిమిషం కూడా నిలబడలేదు. చూడాల్సిన కాగితం ఆ కట్టలోనే ఉంది. తను చూడలేదు. అంతే.

"నేను చూడలేదు కోటేశ్వరీ" అన్నాడు. "నీమీదొట్టు. కట్ట విప్పలేదు."

ఆవిడ కాసేపు ఆయన్ని అలాగే చూసింది. నలభై ఏళ్లుగా ఒక పక్కకు ఒరిగి ఉన్న దేన్నో లోపల సరిచేసుకుంటున్నట్టుంది. అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యెత్తబోయి కారం గుర్తొచ్చి ఆగింది.

"తుడవండి" అంది.

జానకిరామయ్య పంచె అంచుతో ఆవిడ కళ్లు తుడిచాడు. ఖైరున్నీసా లేచి వీధిలోకి చూస్తూ నిలబడింది.

కొంతసేపటికి ఆయన కాగితం పట్టుకుని లేచి నిలబడ్డాడు. క్లాసులో నిలబడ్డట్టే, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, గొంతు సవరించుకుని, మూడో పాదం దగ్గర 'మగని' అని ఒత్తి పలికి, పద్యం మొత్తం చదివాడు. చదివి శిష్యురాలితో అన్నాడు: "రాసుకోమ్మా. ఈ పద్యంలో దోషం లేదు. జేస్తి అన్నది గ్రామ్యం కాదు, అది రాసినవారి పుట్టిల్లు. నీ పిల్లలకి ఇలాగే చెప్పు."

"చెప్తాను మాస్టారూ. ముందు త్రినాథ్‌కి ఫోన్ చెయ్యండి. పలక మీద మాట మార్చాలి. పేరూ పెట్టాలి."

నంబరు నొక్కేలోపే త్రినాథ్ నుంచే ఫోను వచ్చింది. చెవి సరిగా వినపడక జానకిరామయ్య స్పీకరు పెడతాడు. రాయి కోసే యంత్రాల రొదలోంచి అతని గొంతు అరుగంతా నిండిపోయింది.

"మాస్టారూ, నమస్కారమండీ! చెక్కడం అయిపోయిందండీ. అద్దంలా వచ్చింది. లారీ ఎక్కించేస్తున్నాం. ఆదివారం ప్రారంభోత్సవం. మీ పేరు కూడా చెక్కించేశానండీ!"

"నా పేరెందుకురా?"

"ఇంకా దాస్తారేంటండీ? నిన్న సింగరాయకొండలో బాపయ్యగారి అమ్మాయి రాగసుధగారు కలిశారు. పద్యం మీరే రాశారని పెద్దాయన పోయేముందు చెప్పారంట. పేపర్ల కట్టలో పెట్టి ఇచ్చారంట కదా మీరు. ఒంగోలులో జరిగినదానికి మీరు బాధపడుతున్నారని, పైకి అడిగితే నొచ్చుకుంటారని, పేరు లేకుండా గోడకెక్కించారంట. మీరే ఎప్పటికైనా నోరు విప్పుతారని చూశారంట పాపం. 'కవి: జానకిరామయ్య' అని బంగారు రంగు నింపించాను. ఉంటానండీ, క్రేను వచ్చింది!"

ఫోను ఆగిపోయింది.

జానకిరామయ్యకు బాపయ్య కళ్లముందు కనపడ్డాడు. ఆ గోడ దగ్గర నిలబడి "రాసిందెవరండీ" అని తను అడిగినప్పుడు, "రాసినవారికి తెలుసులేవయ్యా" అని భుజం తట్టి వెళ్లిపోయాడు. తనను ఓదార్చడానికే పద్యాన్ని గోడకెక్కించాడన్నమాట. ఆ పద్యాన్నే తను రోజూ అదే గోడ దగ్గర తప్పుపట్టాడు.

"చెప్పులేవి?" అని అరుగు దిగాడు. "చీమకుర్తికి బస్సు ఎన్నింటికి? ఆ రాయి కదలకూడదు. తప్పు మాట, తప్పు పేరు! చెరిపించాలి."

"ఎక్కడికీ వెళ్లొద్దు" అంది కోటేశ్వరమ్మ. "ఉండనివ్వండి."

"ఉండనివ్వడమేంటి? నీ పద్యం మీద నా పేరా?"

"మీకిచ్చిన పద్యమే కదా. మీ పేరుంటే ఏం?"

"అమ్మగారూ, అలా అనకండి" అంది ఖైరున్నీసా. "మీ పేరు ఎవరికీ తెలియకుండా పోతుంది."

"తెలియాల్సినాయనకి ఇవాళ తెలిసిందిగా తల్లీ." ఆవిడ తొడిమల బుట్ట పక్కకు జరిపింది. ఆయన వినలేదు. చెప్పుల్లో కాళ్లు పెట్టేశాడు. గేటు గొళ్లెం మీద చెయ్యి వేశాడు.

"ఏమండీ, ఆ పేరు జోలికి వెళ్లారంటే మిగతావి మీకు చూపించను" అంది వెనకనుంచి.

జానకిరామయ్య చెయ్యి గొళ్లెం మీదే ఉండిపోయింది.

"మిగతావా?" అన్నారు గురువూ శిష్యురాలూ ఒక్కసారే.

"ఆ కాగితం తరవాత కూడా ట్యూషన్ పదేళ్లు జరిగింది కదా. రాయకుండా ఎట్లా ఉంటాను?"

"ఎక్కడున్నాయి?"

కోటేశ్వరమ్మ లేచి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది. ఒకటికి రెండుసార్లు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కొత్తపట్నంలో, మా అక్కయ్య ఇంట్లో. మీ నోటు పుస్తకాల మధ్యే పెట్టాను."

"నా నోటు పుస్తకాలేంటి?" అన్నాడు జానకిరామయ్య. ఆయన గొంతు మారిపోయింది. "ఒంగోలు నుంచి వచ్చిన మర్నాడు నేను రాసినవన్నీ నీకిచ్చి పొయ్యిలో పెట్టమన్నాను. ఒక్కటి కూడా మిగల్లేదు. కాల్చేశావు కదా!"

"కాల్చేశానని మీతో చెప్పాను" అంది కోటేశ్వరమ్మ.